ఎడమచేతి చీటీ

చిలక ఉన్నంతకాలం మా ఇంట్లో అబద్ధాలన్నీ చిలకే ఆడేది. మా ఆయన గురుస్వామి పంజరం తలుపు తీస్తే అది దర్జాగా నడిచొచ్చి, దేవుళ్ళ బొమ్మలున్న చీటీ ఒకటి ముక్కుతో లాగి పడేసేది. లక్ష్మీదేవి వచ్చినా శనీశ్వరుడు వచ్చినా ఆయన మంచే చెప్పేవాడు. అడగడానికి వచ్చినవాళ్ళు నవ్వుముఖంతో పోవాలనేది ఆయన పట్టుదల. తర్వాత చిలకను పెంచడం నేరమని అటవీశాఖ వాళ్ళు వచ్చి పట్టుకుపోయారు. కొన్నాళ్ళకు ఆయనా పోయాడు. చీటీల కట్టలూ నేనూ మిగిలాం. నంద్యాల నూనెపల్లెలో మా ఇంటి అరుగు మీద ఇప్పుడు చిలక పని కూడా నేనే చేస్తున్నాను. ముక్కు ఒక్కటే తక్కువ అంటుంది మా పక్కింటి లూదియా.

లూదియా ఆళ్లగడ్డలో ఒక స్కూల్లో టీచరు. రోజూ బస్సులో పోయి వస్తుంది. ఆదివారం చర్చికి పోయేటప్పుడు నా అరుగు ముందు ఆగి, “నీకోసరం గూడా ప్రార్థన చేస్తాలే అక్కా, ఈ వారం నువ్వు చెప్పిన అబద్ధాలకు సరిపోతాది” అంటుంది. దేవుళ్ళ చీటీల సంగతి అయితే ఆమె మాట నిజమే. నేను కాదనను.

కానీ ఒక కట్ట దగ్గర నేనెప్పుడూ అబద్ధం ఆడేదాన్ని కాదు. దాన్ని జోడు చీట్లు అంటాం. అందులో దేవుళ్ళుండరు. ముడి, కొండ, పడవ, తాళంచెవి, కుండ, వెలిగే దీపం, ఆరిన దీపం, ఇట్లా వస్తువుల బొమ్మలే ఉంటాయి. మా మామ చేత్తో వేసినవి. అంచులన్నీ చిలక కొరికి రంపంలా చేసి పెట్టింది. పెళ్ళి మాటలు వచ్చినప్పుడే ఆ కట్ట విప్పుతాం. ఇద్దరి పేర్ల మీద రెండు చీటీలు తీయించి, రెండూ కలిపి చదవాలి. ఒక్కదాన్ని చూసి ఒక్క మాట కూడా అనకూడదు. ముడి అంటే ఇచ్చిన మాట. కొండ అంటే అడ్డం. కానీ ముడి ఎవరి పేరున వచ్చింది, కొండ ఎవరి పేరున వచ్చింది అన్నదాన్ని బట్టి చెప్పే మాట మారిపోతుంది. చాలామంది ఆ ఓపిక లేక ముడి కనబడగానే మేళం మాట్లాడేస్తారు.

ఇంకో నియమం ఉంది. బతికున్నవాళ్ళ పేరున తీస్తే కుడిచెయ్యి పెట్టాలి. పోయినవాళ్ళ పేరున తీస్తే ఎడమచెయ్యి.

పోయినవాళ్ళకు పెళ్ళి చీటీ ఎందుకని కొత్తవాళ్ళు అడుగుతారు. భార్య పోయినవాడు మళ్ళీ చేసుకుంటే, వచ్చే పిల్ల తాళితో పాటు సవతి బిళ్ళ వేసుకుంటుంది. సన్నటి బంగారు రేకు, దాని మీద ఆడమనిషి బొమ్మ గీతలు. పోయినామె అందులో ఉంటుందని నమ్మకం. కొత్త చీర కట్టినా, పండగకు వండినా ముందు ఆ బిళ్ళకు చూపించాకే ఈమెకు. ఆ బిళ్ళ చేయించే ముందు, నీ ఇంటికి ఈ పిల్ల రావచ్చునా అని పోయినామెను అడగాలి. అడగడమంటే, బిళ్ళ వేసుకోబోయే పిల్లే ఎడమచేత్తో ఆమె పేరున ఒకటి, కుడిచేత్తో తన పేరున ఒకటి తీయడం. ఆ రెండూ కలిపి నేను చదవడం.

పోయిన ఏడు ఎండాకాలం ముందు లక్ష్మీకాంతమ్మ నా అరుగెక్కింది అందుకే. ఆళ్లగడ్డలో వాళ్ళకు స్టీలు సామాన్ల అంగడి ఉంది. మనిషి సన్నగా ఉంటుంది, చూపు తూకం వేసినట్టుంటుంది.

“అంకమ్మంటే నువ్వేనా? జోడు చీట్లు చూస్తావంట.”

“చూస్తా. కూర్చోమ్మా. పెండ్లెవరికి?”

“నా కొడుక్కే. శివప్రసాదు. మొదటామె సుష్మ జ్వరమొచ్చి పోయి రెండేండ్లయితాంది. ఇప్పుడు అవుకులో ఒక పిల్లను చూసినాం. సుష్మను అడగల్ల. నువ్వు మా ఇంటికి రావల్ల.”

“వస్తా. కానీ వచ్చింది వచ్చినట్టు చెప్తా. నచ్చకపోతే నన్ననాకు.”

“మంచే వస్తాదిలే,” అంది, అంగట్లో గిన్నె తట్టి చూపించినంత నమ్మకంగా.

వాళ్ళ ఇల్లు అంగడి వెనకే, మేడ మీద. కిటికీ తీస్తే శిల్పులు పనిచేసే రేకుల షెడ్లు కనబడతాయి. ఆళ్లగడ్డలో ఆ ఉలి చప్పుడు ఎవరికీ వినబడదు, అంత అలవాటు. నాకు మాత్రం ఆ రోజంతా చెవిలోనే ఉండిపోయింది. కొత్త చోటు కదా అనుకున్నాను.

గోడ మీద సుష్మ ఫోటో. పక్కపాపిడి, కనకాంబరాలు, నెమ్మదైన ముఖం. కొంగు చివర చూపుడువేలికి చుట్టుకుని ఉంది. ఫోటో కింద పీట, పీట మీద స్టీలు ప్లేటులో బొరుగుల ఉగ్గాని. పక్కన బజ్జీ లేదు. సుష్మకు కారం పడేది కాదని లక్ష్మీకాంతమ్మ చెప్పింది. రెండేళ్ళుగా ఆ ఇంట్లో ఏది వండినా ముందు ఆ పీట మీదికే పోతోంది. అది తప్పు అనను నేను. కానీ ఆ పీట ఎదురుగా కూర్చున్న శివప్రసాదును చూస్తే, అతను కూడా ఆ ప్లేటు ఖాళీ కావడం కోసం ఎదురుచూస్తున్నట్టుంది. ముప్పై ఐదేళ్ళుంటాయి. గడ్డం నున్నగా గీసుకుని, చొక్కా గుండీలు మెడ దాకా పెట్టుకుని, ఏమడిగినా ఆ ఫోటో వైపు ఒకసారి చూసి జవాబిస్తాడు.

అవుకు పిల్ల దీక్షిత మేనమామతో వచ్చింది. తల్లీతండ్రీ చిన్నప్పుడే పోతే ఆ మేనమామే పెంచాడట. ఆయన కింద అంగట్లో కూర్చున్నాడు, పిల్ల ఒక్కతే పైకొచ్చింది. నంద్యాలలో సెల్‌ఫోన్ల షాపులో పనిచేస్తుంది. గుండ్రటి కళ్ళద్దాలు, వెనక క్లిప్పుతో బిగించిన జుట్టు. రాగానే నా పక్కన కూలబడి, మాకు పెట్టిన ప్లేటు అందుకుని, మిరపకాయ బజ్జీ గింజలతో సహా నమిలేసి ఇంకోటి అడిగింది. నేను ముక్కు మీద వేలేసుకుంటే నవ్వింది. ఆ నవ్వు గురించి చెప్పాలి. ముందు బుసబుసమని ఆగి ఆగి, ఒక్కసారిగా కుక్కరు కూతలా లేస్తుంది. లేచాక పక్కనున్నవాళ్ళ భుజం పట్టుకోకుండా నిలబడలేదు. నా భుజం పట్టుకుంది. కలిసిన కాసేపటికే ఆ పిల్ల నాకు నచ్చేసింది. దాచడం ఎందుకు?

“సుష్మా, ఆ ఫ్యాను కిందికి జరుగు, ఉక్కగా ఉంది,” అన్నాడు శివప్రసాదు.

అన్నది దీక్షితతో. తన నోటివెంట ఏ పేరొచ్చిందో అతనికి తెలియలేదు. లక్ష్మీకాంతమ్మ విని కూడా ఊరుకుంది. దీక్షిత ఒక్క క్షణం నా ముఖం చూసి, లేచి ఫ్యాను కిందికి జరిగింది.

చాప పరిచి, ఎర్రగుడ్డ వేసి, జోడు చీట్లు బోర్లా పరిచాను.

“ముందు ఆమెకు. ఆమె ముందొచ్చింది గదా. ఎడమచెయ్యి పెట్టు తల్లీ. మనసులో పేరనుకో.”

దీక్షిత ఎడమచేత్తో ఒకటి లాగింది. ముడి. పసుపు తాడు ముడి, మా మామ దాన్ని ఎంత బిగించి గీశాడంటే చూస్తే మెడ పట్టేస్తుంది.

“ఇప్పుడు కుడిచెయ్యి. నీ పేరు.”

కుడిచేత్తో ఇంకొకటి లాగింది. కొండ.

లక్ష్మీకాంతమ్మ నాకంటే ముందే అందుకుంది. “ముడి పడింది. పెండ్లి అయితాది. కొండంటే పోయినామె. బిళ్ళ వేస్తే ఆమె శాంతిస్తాది. అంతే గదా అంకమ్మా?”

“అంతే అయితే నన్నెందుకు పిలిపిస్తివమ్మా?” నా నోరు ఊరుకోదు. “ముడి ఎడమచేతికి వచ్చింది. కట్టుబాటు ఆమెది. ఇంకా విడిపోలే. కొండ కుడిచేతికి వచ్చింది. ఆమెకూ మీ అబ్బాయికీ నడుమ అడ్డం ఈ పిల్ల.”

కిటికీలోంచి ఉలి చప్పుడు ఒక్కటే వస్తోంది. దెయ్యం పట్టింది, దృష్టి తగిలింది అంటే జనం ఏదో ఒక దారి వెతుక్కుంటారు. పోయినామె అడ్డం కాదు, రాబోయేదే అడ్డం అంటే ఏం చెయ్యాలో ఎవరికీ తోచదు.

“అంటే నేనే అడ్డమా అవ్వా?” అంది దీక్షిత. గొంతులో కోపం లేదు, లెక్క సరిచూసుకున్నట్టు అడిగింది.

“అవును తల్లీ. చీటీ అదే చెప్తాంది.”

“దీనికి దారి లేదా?” అంది లక్ష్మీకాంతమ్మ.

“రెండే దార్లు. ముడన్నా విప్పల్ల, కొండన్నా చదునైపోవల్ల. ముడి విప్పల్సింది మీ అబ్బాయి. ఇంకెవరి వల్లా కాదు.” శివప్రసాదు వైపు తిరిగాను. “ఏమప్పా, విప్పుతావా? ఆ పీట తీసేయమని కాదు. ఈ పిల్లను ఈ పిల్ల పేరుతో పిలవగలవా?”

అతను ఫోటో వైపు చూశాడు. కళ్ళ నిండా నీళ్ళు.

“నాతో కాదు,” అన్నాడు.

నిజం చెప్పాడు పాపం. చెడ్డవాడైతే తిట్టి లేచి వచ్చేదాన్ని. ఆ ముఖం చూస్తే తిట్టబుద్ధి కాలేదు, భయం వేసింది.

“అయితే ఆ రెండోదే కానీ,” అంది లక్ష్మీకాంతమ్మ, ప్లేట్లు సర్దుతూ. “ఆడపిల్ల సర్దుకోవడం ఏమన్నా కొత్తనా?”

మెట్ల మీద దీక్షిత నా చెయ్యి పట్టుకుని దింపింది. సగం మెట్లలో నేను ఆగాను.

“ముడి విప్పకుండా ఆయప్పతో తాళి కట్టించుకోవాకు. నా మాట ఇను.”

“నన్ను చూడనీకి వచ్చిన రోజు ఆయప్ప ఏడ్సినాడవ్వా. పోయినామెను తల్సుకోని. పోయినదాన్నే అంత ఇదిగా చూస్కునేటోడు, బతికుండేదాన్ని ఎంత బాగా చూస్కుంటాడో అనుకుంటి. నాకు ఎవురున్నారు చెప్పు, నా కోసరం ఏడ్సేటోళ్ళు?”

“నీ కోసరం ఎప్పుడేడ్సినాడు? ఆమె కోసరం గదా ఏడ్సింది.”

ఆ పిల్ల నవ్వింది. బుసబుసమని మొదలై, ఆ ఇరుకు మెట్ల మీద కూతలా లేచి, నా భుజం మీదికి వచ్చి పడింది. “కొండను గదవ్వా నేను. నన్ను కదిలించేదెవురు?”

పైన గుమ్మంలో లక్ష్మీకాంతమ్మ వచ్చి నిలబడింది. “ఎవరది ఆ నవ్వేది?” అంది. తెలియక కాదు. ఆ ఇంట్లో అంత గట్టిగా నవ్వకూడదని చెప్పడం అది.

పెళ్ళి అహోబిలంలో అయింది. నన్ను పిలవలేదు, పిలుస్తారని నేనూ అనుకోలేదు. కబుర్లన్నీ లూదియా ద్వారానే తెలిసేవి. సాయంత్రం బస్సు దిగి, చెప్పులు విప్పకుండానే నా అరుగు మీద కూర్చుని చెప్పేది.

మొదట్లో అన్నీ మంచి కబుర్లే. దీక్షిత అంగట్లో గల్లాపెట్టె దగ్గర కూర్చుంటోంది, గిన్నె కొన్నవాళ్ళకు మూత ఊరికే ఇచ్చేస్తోంది, ఆ నవ్వు రోడ్డు అవతల హోటలు దాకా వినబడుతోంది. నేను నెమ్మదించాను. చీటీ తప్పిందేమో అనుకున్నాను. తప్పితే బాగుండునని మొదటిసారి కోరుకున్నాను.

తర్వాత పాపిడి మారింది. దానికేముంది, ఆడపిల్లలు మారుస్తుంటారు. తర్వాత కనకాంబరాలు. తర్వాత సుష్మ చీరలు పెట్టెలో మురిగిపోతున్నాయని కట్టుకోవడం మొదలుపెట్టిందట. ఒకరోజు లూదియా వచ్చి, చెప్పులు విప్పి పక్కన పెట్టి కూర్చుంది. ఆమె అట్లా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

“ఆయప్ప సుష్మకు రాతిబొమ్మ చేయిస్తాండాడక్కా. శిల్పుల షెడ్డులో.”

“చేయించుకోనీలే. ఆళ్లగడ్డలో రాయికి కొదవా?”

“అది కాదు. ఆమెది ఎదురుగా తీసిన ఫోటో ఒకటే ఉందంట. పక్క నుంచి ఎట్లుంటాదో శిల్పికి తెలియల్ల గదా. అందుకని ఈ పిల్లను కూర్చోబెట్టినారు. ఆమె చీర కట్టి, కొంగు వేలికి చుట్టి, కండ్లద్దాలు తీపిచ్చి. రోజూ పొద్దున కూర్చుంటాదంట. నేను స్కూలుకు పోతా పోతా చూస్తి. ఆ రాయి ఎట్ల కదల్లేదో ఈమె గూడా అట్లే కదల్లేదు. దుమ్మంతా రెప్పల మీద పడి ఉంది. తుడుచుకోలే.”

“పిలవలేకపోతివా?”

“పిలిస్తి. దీక్షితా, దీక్షితా అని రెండు తూర్లు పిలిస్తి. తిరిగి చూడలే. లోపల్నుంచి ఆయప్ప సుష్మా అన్న్యాడు. అప్పుడు తిరిగింది.” లూదియా మెడలో శిలువ పట్టుకుంది. “నేను నీ చీటీలు నమ్మను అక్కా. కానీ ఏదో ఒకటి చెయ్యి నువ్వు.”

ఏం చెయ్యను? కొండ చదునైపోవాలి అన్నది నా నోరే. నేను అన్నది వాళ్ళకు దారి చెప్పడానికి కాదు, ఆ దారి ఎంత చెడ్డదో తెలియాలని. ఎవరికి ఏది కావాలో అదే వినబడింది. ఆ పిల్లకు కూడా అదే వినబడిందేమో అన్న ఆలోచన నన్ను కూర్చోనివ్వలేదు, నిలబడనివ్వలేదు. పోయినవాళ్ళు వచ్చి పట్టుకుంటే వేప మండలతో దిగ్గొట్టేవాళ్ళు ఉన్నారు. బతికున్నవాళ్ళు తమంతట తాము ఖాళీ చేసి, రా వచ్చి కూర్చో అంటే, ఏ మండలతో కొడతారు?

ఒకసారి ఆళ్లగడ్డ బస్సెక్కి వెళ్ళాను కూడా. అంగట్లో లక్ష్మీకాంతమ్మ ఉంది. కోడలు పూజలో ఉందని చెప్పి, మంచినీళ్ళిచ్చి పంపేసింది.

మొన్న వానాకాలంలో, ఒక మధ్యాహ్నం, వాళ్ళే వచ్చారు.

ఆటో దిగిన ఇద్దరిలో ఒకరు లక్ష్మీకాంతమ్మ. రెండో మనిషిని చూసి నేను గోడ పట్టుకున్నాను. వాళ్ళింట్లో చూసిన సుష్మ ఫోటో దిగి నడిచి వస్తున్నట్టుంది. పక్కపాపిడి, కనకాంబరాలు, వేలికి చుట్టిన కొంగు, మెల్లటి నడక. గుమ్మం కనబడక తడుముకుంది. అప్పుడు తెలిసింది కళ్ళద్దాలు లేవని, ఇది దీక్షితేనని.

పెళ్ళయ్యాక జోడు చీట్లు తీస్తే, తీసే మనిషి, నేను తప్ప ఇంకెవరూ ఉండకూడదని అబద్ధం చెప్పి ముసలామెను అరుగు మీద కూర్చోబెట్టాను. అట్లాంటి నియమమేదీ లేదు. పిల్లను లోపలికి తీసుకుపోయాను. పొద్దున చేసిన ఉగ్గాని ఉంది, బజ్జీలు అప్పుడే వేసి దించాను. ప్లేటులో పెట్టి ముందుంచాను.

“వద్దమ్మా. నాకు కారం పడదు,” అంది.

అవ్వా అనలేదు. నన్ను ఎన్నడూ చూడనట్టు అమ్మా అంది. గొంతు కూడా తగ్గించి, మాటలు ఏరుకుంటున్నట్టు మాట్లాడుతోంది. మెడలో తాళి పక్కన రెండు బిళ్ళలున్నాయి. ఒకటి పసుపు పట్టి మాసింది. ఒకటి కొత్తది, మెరుస్తోంది.

“రెండోది ఎవరిదమ్మా?” అన్నాను.

“అది అడగనీకే వచ్చింటిమి. మా ఇంట్లో ఒక పిల్ల తిరుగుతాందమ్మా. వంటింట్లో నుంచి గట్టిగా నవ్వుతాది. పోయి చూస్తే ఎవురూ ఉండరు. డబ్బాలో మిరపకాయలు తగ్గిపోతాంటాయి. కండ్లద్దాలు యాడ పారేసినా మళ్ళా నా దిండు కిందకే వస్తాండాయి. మా ఆయన జడుసుకోని అన్నం మానేసినాడు. మా అత్త ఆ పిల్ల పేరున బిళ్ళ చేయించింది. మొదటి ముద్ద ఆమెకే పెడుతాండా. అయినా పోలే.”

“ఆ పిల్ల పేరేంది?”

“దీక్షిత. అవుకు పిల్లంట. ఆమె పేరున చీటీ తీసి అడుగు, ఇంట్లో నుంచి పోతాదో పోదో.”

నాకు ఏడుపు రాలేదు. ఏడుపు కూడా రానంత భయం ఎట్లుంటుందో ఆ మధ్యాహ్నమే తెలుసుకున్నాను. నా ఎదురుగా కూర్చున్న పిల్ల, తన పేరు తనే చెప్పి, దాన్ని వెళ్ళగొట్టమంటోంది. మెడలో తన బిళ్ళ తనే వేసుకుని, తనకు తనే పిండం పెట్టుకుంటోంది. పక్కింట్లో ఎవరి కుక్కరో కూత వేసింది. ఇద్దరం ఉలిక్కిపడ్డాం.

ఎర్రగుడ్డ పరిచాను. చీట్లు బోర్లా వేశాను. ఆమె ఎడమచెయ్యి చాపింది. గాజులు సర్దుకుని, నేను నేర్పినట్టే, పోయినవాళ్ళకు చాపినట్టే చాపింది. గబుక్కున ఆ మణికట్టు పట్టేసుకున్నాను.

“ఎడమచెయ్యి వద్దు. కుడిచెయ్యి పెట్టు.”

“పోయినామెకు ఎడమచెయ్యి గదమ్మా?”

“ఆమె పోలే. ఎవురు చెప్పినారు నీకు పోయిందని? కుడిచెయ్యి పెట్టు తల్లీ. దీక్షిత పేరు అనుకో.”

కుడిచెయ్యి ఒళ్ళో పడి ఉంది. అది తన చెయ్యి కానట్టు దాని వంక చూసింది. నేను ఎడమచెయ్యి వదల్లేదు. నొప్పి పుట్టేట్టు పట్టుకున్నాను. చాలాసేపటికి ఆ కుడిచెయ్యి లేచింది. వచ్చి చీట్ల మీద ఆగింది. ఒకటి లాగింది. తిప్పి, కళ్ళకు దగ్గరగా తెచ్చుకోబోయింది. ఆ లోపలే ఆ చీటీ నేను లాక్కున్నాను.

ఆరిన దీపం.

మసిబారిన వత్తి, పైకి లేస్తున్న పొగ. జోడు చీట్లలో అంతకంటే చెడ్డ బొమ్మ లేదు. మా మామ, మా ఆయన, నేను, ముగ్గురం ఆ కట్ట ముందు ఎన్నడూ అబద్ధం ఆడలేదు. మా ఆయన ఫోటో గోడ మీదే ఉంది. రెండో చీటీ తీయించకుండానే, ఆయన వైపు చూడకుండా ఆ చీటీని మోకాలి కింద పెట్టుకున్నాను.

“ఏమొచ్చింది?” అంది.

“కొండ.”

ఆమె కనురెప్పలు కదిలాయి.

“కొండే వచ్చింది మళ్ళా. యాడికీ పోలే. ఆడ్నే ఉంది. రాయి ఉలితో చెక్కుకుంటారు గానీ కొండను ఎవురు చెక్కుతారు? నువ్వే గదా నాతో అంటివి, మెట్ల మీద.”

వేలికి చుట్టుకున్న కొంగు వదులైంది. మెల్లగా, ఆ వేలికి తెలియకుండానే జారిపోయింది. ఆమె చూపు నా ముఖం మీద తచ్చాడింది. కళ్ళు చిట్లించి, అద్దాలు లేని ఆ మసకలో నన్ను వెతుకుతోంది. కుడిచెయ్యి ప్లేటు దాకా పోయింది. బజ్జీ ఒకటి తీసుకుంది. నోట్లో పెట్టుకుని నమిలింది. గింజలతో సహా. కళ్ళ వెంట నీళ్ళు కారాయి, కారానికో ఇంకెందుకో. ముక్కు చీదుకుని, ఇంకోటి తీసుకుంది.

“కొండనా, అవ్వా?” అంది.

నేను తల ఊపాను.

ఆమె గొంతులో ఎక్కడో బుసబుసమని మొదలైంది. ఆగింది. మళ్ళీ మొదలైంది. దగ్గు అనుకున్నాను. కాదు. ఒక్కసారిగా కూతలా లేచి గది నిండిపోయింది. నా భుజం మీద ఆ చెయ్యి వచ్చి పడింది. కారంతో, నూనెతో, వేడిగా ఉంది.

అరుగు మీద ముసలామె చేతిలోని మరచెంబు కింద పడి దొర్లిన చప్పుడు.

“ఎవరది?” అంది లక్ష్మీకాంతమ్మ. ఆ గొంతు పోయినేడు మెట్ల మీద విన్న గొంతు కాదు. తలుపు తోసుకుని రావడానికి కూడా ధైర్యం చాలక, బయటినుంచే అడుగుతోంది. “లోపల ఎవరది ఆ నవ్వేది?”

నేను ఆరిన దీపాన్ని మోకాలి కింద ఇంకా లోపలికి తోశాను.

“దీక్షిత,” అన్నాను.